ప్రతీక్ పేరు మీద ఉన్న కేసు

నూలు కొనేవాడు సంచిలో పైనున్న దారపు కోను చూసి బేరం ఆడడు. లోపలికి చెయ్యి పెట్టి, మధ్యలోని కోను బయటికి తీసి, దారం లాగి తెంపి చూస్తాడు. కుంఠా నాకాలోని మా దుకాణంలో నేను నేర్చుకున్న మొదటి పని అదే. పెళ్లిసంబంధానికి కూడా అలాంటి పరీక్ష ఒకటి ఉంటుందన్న నమ్మకంతోనే మా చెల్లెలు శాంత నా దగ్గరికి వచ్చింది.

శాంత కుంభారి దగ్గర రాయనగర్ కాలనీలో ఉంటుంది. బీడీలు చుడుతుంది. ఆ రోజు చుట్టిన బీడీలు అప్పగించి, ఆకు తంబాకు మూటతోనే దుకాణం మెట్లెక్కి, కూర్చోకుండానే అడిగింది.

“అన్నా, పోలీసుల కాడ మనుషుల ఖాతా ఉంటదంట గదా. అది మనకు చూడొస్తదా?”

“ఎవరిది?”

“ప్రతీక్‌ది.”

ప్రతీక్ అంటే ఆమె కూతురు పూజకు కుదిరిన పిల్లవాడు. నీలం నగర్‌లో ఉంటాడు. తండ్రి వెంకటేశ్ చిన్నప్పుడే పోతే పెదనాన్న రాజయ్య పెంచాడు. స్కూలు యూనిఫారాలు కుట్టే చోట కటింగ్ మాస్టర్. పూజ కూడా ఇంకోచోట యూనిఫారాలే కుడుతుంది. వచ్చే ఆదివారం సాఖర్‌పుడ, అంటే చక్కెర పొట్లం చేతిలో పెట్టి మాట ఖాయం చేసుకోవడం. చీర కూడా తెచ్చిపెట్టుకున్నారు.

“బస్సుల అంజమ్మ అన్నది. ఆ పిల్లగాని మీద కోర్టుల కేసున్నదంట, తెలిసే ఇస్తున్నవా శాంతా అని.”

“అంజమ్మకు ఎవరు చెప్పిండ్రు?”

“వాళ్ల ఆడిబిడ్డ చెప్పిందంట. ఆడిబిడ్డకు ఎవరు చెప్పిండ్రో తెల్వదంట.”

“రాజయ్యనే సీదా అడుగరాదు?”

“ఏమని అడగాలె? మీ పిల్లగాడు దొంగనా అని అడిగి, కాదంటే మళ్ల ఏ మొకంతోని ఆయన చేతుల చక్కెర తీస్కోవాలె?”

ఆమె మాటలో లెక్క ఉంది. అడిగితే సంబంధం చెడుతుంది. అడగకపోతే పిల్ల బతుకు చెడవచ్చు. సరుకు యజమానికి తెలియకుండా మధ్య కోను లాగి చూడాలి. రెండు రోజుల్లో చెబుతానన్నాను. ఆ మాట అనేటప్పుడు నాకు పెద్ద పనిగా అనిపించలేదు.

ఇంటికి వెళ్లి మా అమ్మాయి కోమల్‌కి చెప్పాను. బీకాం చదువుతోంది. ఫోను తీసి కాసేపు గెలికింది.

“పప్పా, పేరు కొడితే మనిషి చరిత్ర మొత్తం చూపించేది ఎక్కడ లేదు. పోలీసులది వేరే, కోర్టుది వేరే. పోలీసు సైట్‌ల ఎఫ్ఐఆర్‌లు ఉంటయ్ గని ఏ స్టేషను, ఏ తారీఖు అని అడుగుతది. కోర్టు సైట్‌ల పేరు మీద వెతకొచ్చు.”

“అయితే కోర్టుదే చూడు.”

“ఏ సాలు కేసు?”

“నాకేం తెలుసు?”

“సాలు చెప్పకుంటే వెతకదు.”

“కేసున్నదో లేదో తెల్వకనే వెతుకుతున్న. ఏ సాలో తెలిస్తే ఇంక వెతుకుడెందుకు?”

“నా మీదెందుకు కోపం జేస్తవ్? సైట్ నేను జేసిన్నా?”

సరే, ఈ సంవత్సరం నుంచి ఒక్కొక్కటి వెనక్కి వెళదాం అన్నాను. అప్పుడు పేరు దగ్గర ఆగాం. ప్రతీక్ పేరు ముందు పెట్టాలా, తండ్రి పేరు కలపాలా, ఇంటిపేరు చివర రావాలా అని కోమల్ అడిగింది. మాకు ఇంటిపేరు ముందు. ఇక్కడి మరాఠీ కచేరీల్లో అది చివరికి పోతుంది. ఎందుకైనా మంచిదని వాళ్ల ఇంటిపేరు ఆడెపు ఒక్కటే కొట్టమన్నాను. ప్రతిసారీ వంకర అక్షరాలు చూసి మళ్లీ కొట్టమంటోంది ఆ యంత్రం. మేము మనుషులమేనని దానికి నమ్మకం కుదరలేదు.

చివరికి ఒక సంవత్సరంలో పేర్ల వరస దిగింది. చూసి నాకు మతి పోయింది. ఆడెపు వాళ్లలో కేసులున్న వాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. మా ఆవిడ యమునాబాయి వంటింట్లోంచి వచ్చి భుజం మీదుగా చూసింది.

“యల్లమ్మక్కనా? కుంఠా నాకా యల్లమ్మక్క? ఆమెకు కండ్లే కనపడవు గదా. ఆమె మీద ఏం కేసు?”

కోమల్ ఆ పేరు నొక్కి చదివింది. “కరంట్ దొంగతనం.”

“దీని పాడుగాను, ఆమె తీగె పట్టుకుంటదా?”

కిందికి జరిపితే ఇంకో ముసలామె. మళ్లీ కరెంటే. ఇంకొకామె మీద పనివాళ్ల ప్రావిడెంట్ ఫండు కట్టని కేసు. బీడీలు చుట్టుకునే ఆమెకు పనివాళ్లెక్కడి నుంచి వస్తారు? పేర్లు సరే, ఊరు సరే, పేటలు సరే, మనుషులు మాత్రం ఆ నేరాలకు సరిపోవడం లేదు. తప్పుడు చోట వెతుకుతున్నామా అని అనుమానం వచ్చింది. అంతలో కోమల్ వేలు ఆగింది.

“ఉన్నది పప్పా. ప్రతీక్ వెంకటేశ్ ఆడెపు. కరంట్ దొంగతనమే.”

తండ్రి పేరు కలిసింది. నీలం నగర్ కలిసింది. వచ్చే గురువారం విచారణ అని తారీఖు కూడా రాసి ఉంది. నేను దానిని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఉదయం డబ్బా పట్టుకుని వెళ్లి సాయంత్రం వచ్చే కటింగ్ మాస్టర్ కరెంటు దొంగిలించి ఏం చేస్తాడు? ఇంట్లో ఒక ఫ్యాను, ఒక టీవీ.

“ముసలోళ్లను ఏసుకొని దొంగతనం జేస్తుండా ఏంది?” అంది మా ఆవిడ.

నవ్వు రావాల్సిన మాటే. ఎవరం నవ్వలేదు. ఆదివారం దగ్గర పడుతోంది.

మర్నాడు పోలీస్‌ స్టేషన్‌కి వెళ్లాను. అక్కడ నితిన్ అని మా వాళ్ల పిల్లవాడే కానిస్టేబుల్. వాళ్ల నాన్న నా దగ్గరే నూలు తీసుకుంటాడు. ఆ చనువుతో పక్కకు పిలిచి విషయం చెప్పాను.

“కాకా, వేరేటోళ్ల ఖాతా నీకు చూపిస్తే, రేపు నీ ఖాతా ఇంకోడికి చూపియ్యాలె.”

“నా ఖాతాల ఏమున్నదిరా?”

“అదే అంటున్న. చూపియ్యకపోతేనే ఏం లేదని అందరనుకుంటరు.”

“మరి తెలిసేదెట్ల?”

“ఆయననే దరఖాస్తు పెట్టుకోమను. ఆన్‌లైన్ల. ఆధార్ పెట్టాలె, ఫొటో పెట్టాలె. మేము చూసి నడవడిక సర్టిఫికేట్ ఇస్తం.”

“ఆయనను అడగకుండ తెలుసుకుందామనే గదా నీ కాడికి వచ్చిన.”

“గట్ల కానూన్‌ల లేదు కాకా.”

“కోర్టుది మాత్రం ఎవరైన చూడొచ్చు?”

“చూడొచ్చు.”

“చూసిన. పేరున్నది. అంటే తప్పు చేసినట్టేనా?”

“కేసు నడుస్తున్నదంటే తప్పు తేలలేదు.”

“అయితే చేయనట్టు.”

“అది గూడ తేలలేదు.”

“ఉన్నట్టా, లేనట్టా?”

“తారీఖు ఉన్నట్టు కాకా,” అన్నాడు నితిన్, వెళ్లి తన పనిలో పడ్డాడు.

బయటికి వచ్చి స్కూటర్ మీద కూర్చుని ఆలోచించాను. కోర్టు చెప్పేది ఎవరైనా చూడవచ్చు, కానీ దానితో ఏమీ తేలదు. పోలీసులు తేల్చి చెబుతారు, కానీ నాకు చెప్పరు. ప్రతీక్ అడిగితే చెబుతారు. ప్రతీక్ అడగాలంటే నేను ముందు ప్రతీక్‌ను అడగాలి. మళ్లీ శాంత మొదట నిలబడ్డ చోటికే వచ్చాను. వ్యాపారంలో ఇలా చుట్టూ తిరిగి మొదటికి వచ్చినప్పుడు మిగిలేది ఒకటే దారి, సరుకు గోదాముకే వెళ్లడం. నీలం నగర్‌ వైపు బండి తిప్పాను.

రాజయ్యకు అక్కడ మరమగ్గాల షెడ్డు ఉంది, టవళ్లు నేస్తారు. మగ్గాల చప్పుడులో మామూలు మాట కూడా అరిచి చెప్పాలి. గుట్టుగా అడగాల్సిన సంగతి అరిచి అడగడం ఎలాగా అనుకుంటూ తలుపు దగ్గర నిలబడ్డాను. అప్పుడు పైన బోర్డు కనిపించింది. ఎన్నోసార్లు చూసినదే, చదివింది అప్పుడే. ప్రతీక్ టెక్స్‌టైల్స్.

తెల్ల టోపీ సర్దుకుంటూ రాజయ్య ఎదురొచ్చాడు. “రా రా బావా. ఇంక బావా అనాలె గదా, సేట్ అంటే శాంతమ్మ ఊకోదు.”

వెనక గదిలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. అక్కడ చప్పుడు కొంచెం తక్కువ.

“షెడ్డు పిల్లగాని పేరు మీద పెట్టినవా రాజయ్యా?”

“షెడ్డు, లైసెన్సు, మీటరు, అన్ని వాని పేరు మీదనే. నా పేరు మీద పెట్టి రెండుసార్లు మునిగిన. మూడోసారి పంతులుకు పేరు చూపిచ్చిన. రాజయ్యా, నీ పేరుకు మగ్గం బలం లేదు, ఇంట్ల ఎవరెవరున్నరో చెప్పు అన్నడు. చెప్పిన. ప్రతీక్ పేరుకు ఉన్నదన్నడు. వానికి పద్దెనిమిది నిండంగనే సంతకాలు పెట్టిచ్చిన. అప్పటి సంది మగ్గం ఆగలేదు చూడు.”

చాయ్ కప్పు కింద పెట్టాను. ముసలి యల్లమ్మక్క గుర్తుకొచ్చింది. ఆమె కొడుకుకు మూడు షెడ్లున్నాయి. మా పేటల్లో కొత్త మగ్గం పెట్టేవాడు ముందు పేరు బలం చూపిస్తాడు. ఎవరి పేరు కలిసొస్తే వాళ్ల పేరు మీద మీటరు పెడతాడు. తల్లి పేరు, భార్య పేరు, వదిన పేరు. మీటరు ఎవరిదైతే కేసు వాళ్లది. కోమల్ ఫోనులో నిన్న చూసిన ఆ నేరస్థుల వరస అంతా, మా పంతుళ్లు మంచి బలం ఉందని చెప్పిన పేర్లే.

“పిల్లగాని పేరు మీద కేసు గూడ నడుస్తున్నదంట,” అన్నాను.

ఉలిక్కిపడతాడనుకున్నాను. బిస్కెట్ల పళ్లెం నా వైపు జరిపాడు. “అదా. మీటరుకు ముందట వైరు కలిపిచ్చిన. సీజన్ల అందరు కలిపిండ్రు, పట్టుబడ్డది మేము. మల్లప్ప వకీలు చూస్తుండు. నడుస్తది.”

“ప్రతీక్‌కు తెలుసా?”

“వానికెందుకు? కాగితం షెడ్డుకు వస్తది, నేనే తీస్కుంట. వకీలు కాగితాల మీద సంతకం పెట్టురా అంటే లైసెన్సుది అనుకొని పెట్టిండు. తారీఖు వస్తే ఒంట్ల బాగలేదని రాసిస్తడు వకీలు. వాడు కోర్టు మెట్లు ఎక్కలేదు బావా. నేను ఎక్కనిస్తనా? నా తమ్ముని కొడుకు.”

ఆ చివరి మాట అబద్ధం కాదు. అక్కడే నా లెక్క తప్పింది. మోసం చేసేవాడైతే దాచేవాడు. పిల్లవాడి మీద ప్రేమ లేనివాడైతే ఇన్నేళ్లు పెంచేవాడు కాదు. ప్రేమతో పెంచి, బలం ఉందని పేరు వాడుకుని, ఆ పేరు మీదికి దొంగతనం తెచ్చి, వాడికి తెలిస్తే బాధపడతాడని చెప్పని మనిషిని ఏ ఖాతాలో రాయాలో నాకు తోచలేదు.

ఇంటికి వచ్చి ఇదంతా చెబితే యమునాబాయి చేతిలోని చేట కింద పెట్టింది.

“మన దుకాణం ఎవరి పేరు మీదున్నది?”

“నీ పేరు మీదనే. తెలుసు గదా.”

“గోదాము?”

“నీదే.”

“కోమల్, ముందుగాల నా పేరు కొట్టు.”

కోమల్ సంవత్సరాలు మార్చి మార్చి కొట్టింది. ఏమీ దొరకలేదని వచ్చింది.

“దొరకలేదంటే లేదనా, దానికి దొరకలేదనా?” అని అడిగింది మా ఆవిడ. చేట తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

సాయంత్రం కుంభారి వెళ్లాను. శాంత చేటలో ఆకు కత్తిరిస్తోంది. పూజ అప్పుడే పని నుంచి వచ్చి మొహం కడుక్కుంటోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

శాంత కత్తెర ఆపింది. “అంటే పిల్లగాడు దొంగనా కాదా అన్నా?”

“చేతులతోని కాదు. కాగితం మీద అవును.”

“నేను పిల్లను చేతులకు ఇస్తున్ననా, కాగితానికి ఇస్తున్ననా? రేపు ఆయన లోపలికి పోతే కాగితం పోతదా?”

పూజ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. “మామా, ఆయనకు తెల్వదని ఎవరన్నరు?”

“రాజయ్య.”

“ఆయనను అడిగినవా?”

అడగలేదు. మూడు చోట్ల తిరిగాను గానీ అసలు మనిషిని అడగలేదు. పూజ ఫోను తీసి పిలిచింది. ప్రతీక్ బండి మీద వచ్చేసరికి దీపాలు పెట్టారు. చొక్కా మీద బట్టల నూగు ఇంకా అలాగే ఉంది. నేను చెబుతుంటే మొదట నవ్వాడు. కోమల్ పంపిన కోర్టు సైట్ ఫొటో నా ఫోనులో చూపించాక నవ్వు పోయింది. తన పేరునే వేరేవాళ్ల పేరులా కూడబలుక్కుని చదివాడు.

“మామా, ఇది నేనేనా?”

“నీ బాపు పేరున్నది గదా.”

“నాకు తెల్వదు. ఒట్టు.” ఫోను నా చేతికిచ్చి మళ్లీ అన్నాడు, “పోయిన సాలు మంచి కంపెనీల పని వచ్చింది, పోలీసు సర్టిఫికేట్ తెమ్మన్నరు. పెద్దబాపు వద్దన్నడు, దూరమైతది అన్నడు. దూరమేం గాదు అది.”

శాంత ఆకు మూట ముడి వేసింది. “బాబూ, నీ మీద నాకు కోపం లేదు. గని ఆదివారం వద్దు.”

ప్రతీక్ తల ఊపాడు. లేచి నిలబడ్డాడు గానీ వెళ్లలేదు.

పూజ అడిగింది. “గురువారం తారీఖున్నది గదా. పోతవా?”

“పోయి ఏం చెప్పాలె? షెడ్డు నాది కాదంటే పెద్దబాపు లోపలికి పోతడు.”

“నీదే అంటే?”

వాడు చొక్కా మీది నూగు దులుపుకున్నాడు.

“నేను దొంగను చేసుకోను,” అంది పూజ. “చేయని దొంగతనం మీదేసుకునేటోన్ని అసలే చేసుకోను. నువ్వు పోతే నేను గూడ వస్త. తర్వాత చూస్తం.”

గురువారం కోర్టు వరండాలో అందరం కలిశాం. నేను ముందే ఫోను చేసి చెప్పడం వల్ల రాజయ్య కూడా వచ్చాడు. ఎందుకు చెప్పానో అప్పుడు నాకూ స్పష్టంగా తెలియదు. చెప్పకుండా చేస్తే అది బేరం కాదు, దగా అవుతుందనిపించింది. రాజయ్య ప్రతీక్ వైపు చూడకుండా మల్లప్ప వకీలు చెవిలో ఏదో చెబుతూ నిలబడ్డాడు.

పిలుపు వచ్చింది. వకీలు ఎప్పటిలా ఒంట్లో బాగలేదన్న కాగితం తీసి ముందుకు వెళ్లాడు. వెనకాలే ప్రతీక్ వెళ్లి నిలబడ్డాడు.

“ఎవరు నువ్వు?” అని జడ్జి మరాఠీలో అడిగాడు.

“ఆ పేరు నాదే సాహెబ్.”

జడ్జి కాగితం చూశాడు, మనిషిని చూశాడు. “జబ్బుతో మంచం మీదున్నట్టు రాశారే?”

వకీలు గొంతు సవరించుకున్నాడు. ప్రతీక్ చెప్పాడు, “మీటరు నా పేరు మీదున్నది సాహెబ్. షెడ్డు నేను నడపను. నేను బట్ట కత్తిరిస్త.”

“మరి ఎవరు నడుపుతారు?”

ప్రతీక్ వెనక్కి తిరగలేదు. తల వంచుకుని బల్ల అంచు పట్టుకున్నాడు. పేరు చెప్పలేకపోయాడు. అప్పుడు రాజయ్య లేచాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“వాని పేరు మీద నడుస్తది సాహెబ్. నేను నడుపుత.”

వకీలు కోటు పట్టి లాగినా కూర్చోలేదు. జడ్జి ఏదో రాసుకున్నాడు. చెప్పేదంతా రాతపూర్వకంగా ఇవ్వమని, ఇలా నిలబడి చెప్పవద్దని, ఇంకో తారీఖు ఇచ్చాడు. అంతే. తర్వాతి పేరు పిలిచారు.

బయట చెట్టు నీడలో శాంత నా చెయ్యి పట్టుకుంది. “ఏం తేలింది అన్నా?”

నాకు తెలిస్తే కదా చెప్పడానికి. కేసు పోలేదు. ప్రతీక్ పేరు అలాగే ఉంది. రాజయ్య తప్పు ఒప్పుకున్నాడా, లేక రాతలో మళ్లీ వెనక్కి తీసుకుంటాడా, అదీ తెలియదు.

రాజయ్య ప్రతీక్ దగ్గరికి వచ్చాడు. కోపం ఉంది గానీ గొంతులో బలం లేదు. “నాతోని ఒక్క మాట చెప్పకపోతివి.”

“నువ్వు చెప్పినవా పెద్దబాపు?”

రాజయ్య శాంత వైపు తిరిగాడు. “సరే చెల్లెమ్మా, పిల్లగాని పేరు తీసేస్త. ఫికర్ చెయ్యకు. పంతులును మొన్ననే అడిగిన, పూజ పేరుకు గూడ మంచి బలమున్నదంట. లగ్గం కాంగనే కోడలి పేరు మీద పెడ్త.”

ఆయన నిజంగానే గౌరవం ఇస్తున్నాననుకున్నాడు. పూజ ముందుకు వచ్చింది.

“పెద్దమామా, షెడ్డు నీ పేరు మీద రాయించుకో. ఆ దినమే మేము చక్కెర తీస్కుంటం.”

“నా పేరుకు బలం లేదమ్మా. మగ్గాలు మూతపడ్తయ్.”

“మూతపడ్తే నేను, ఆయన బట్టలు కుట్టి బువ్వ పెడ్తం నీకు. మేము లోపల పడ్తే ఎవరు పెడ్తరు?”

రాజయ్య సాయం కోసం నా వైపు చూశాడు. నేను నూలు వ్యాపారిని, ఇద్దరికీ పనికొచ్చే మాట ఒకటి దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు. ఆయన రెండుసార్లు మునిగిన మాట నిజం. పిల్ల భయం కూడా నిజం.

“మొదలు రాయాల్సింది రాయించుదాం పా రాజయ్యా,” అన్నాను.

కోర్టు గోడ పక్కన గొడుగుల కింద కంప్యూటర్లు పెట్టుకుని టైపు చేసేవాళ్లుంటారు. ఒకతని ముందు స్టూలు మీద రాజయ్యను కూర్చోబెట్టాను. వకీలు గొణుగుతూనే ఏం రాయాలో చెప్పాడు. నిజంగా షెడ్డు నడిపేది ఫలానావాడు అన్న చోట టైపు చేసేవాడు వేళ్లు ఆపి అడిగాడు.

“నావ్ సాంగా. పేరు చెప్పండి.”

రాజయ్య టోపీ మోకాలి మీద పెట్టుకుని, మా అందరినీ ఒకసారి చూసి, తన పేరు చెప్పాడు. రోడ్డు చప్పుడులో అతనికి వినపడలేదు. మళ్లీ అడిగాడు.